నక్క ఏ కొండ వెనక ఉంది? హ్యామ్ రేడియో ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో ఫాక్స్ హంట్ గురించి నాలుగు ముక్కలు రాశాక ఉత్తరాలు చాలా వచ్చాయి. అది చదవనివాళ్ల కోసం ఒక్క మాట: ఎక్కడో దాచిపెట్టిన చిన్న ట్రాన్స్‌మిటర్‌ని, అంటే మేము నక్క అని పిలుచుకునేదాన్ని, దాని సిగ్నల్ ఆధారంగా వెతికి పట్టుకునే ఆట ఇది. హ్యామ్ రేడియో వాళ్లు, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియో నడిపేవాళ్లు, ప్రపంచమంతటా ఆడతారు. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కొండల గురించే. మైదానంలో సాఫీగా సాగే వేట కొండల్లోకి వెళ్లగానే ఎందుకంత తికమక పెడుతుందని అడిగారు. ఈ ఆటలో నాకు బాగా ఇష్టమైన సంగతి అదే, అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: మేడమ్, మా క్లబ్బు వాళ్లతో మొదటిసారి కొండల్లో వేటకి వెళ్లాను. లోయలో నిలబడి, ఒక వైపు నుంచే బాగా వినే యాగీ యాంటెన్నాతో ఎన్నిసార్లు చూసినా ఎదురుగా ఉన్న రాతిగోడ వైపే సిగ్నల్ గట్టిగా వచ్చింది. కష్టపడి అక్కడిదాకా వెళ్తే ఏమీ లేదు. ట్రాన్స్‌మిటరేమో నేను మొదట నిలబడ్డ చోటుకి వెనకవైపు, గుట్ట అవతల దొరికింది. నా యాంటెన్నాలో లోపం ఉందా? – ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: మీ యాంటెన్నా బాగానే ఉంది తమ్ముడూ, అది ఉన్నదే చెప్పింది. సిగ్నల్ నిజంగానే రాతిగోడ వైపు నుంచి మీ దగ్గరికి వచ్చింది. అయితే అక్కడ పుట్టింది కాదు, దానికి తగిలి తిరిగొచ్చింది. మీకూ నక్కకీ మధ్య గుట్ట అడ్డం ఉండటంతో సూటిగా రావాల్సిన సిగ్నల్ నీరసించిపోయింది. ఎదుటి రాతిగోడ మాత్రం ఇటు మీకూ అటు నక్కకీ చక్కగా కనబడుతోంది. అలాంటప్పుడు దానికి తగిలి వచ్చిందే బలంగా ఉంటుంది.

కొండల్లో బేరింగ్, అంటే యాంటెన్నా చూపించే దిక్కు, మనకి చెప్పేది ఒక్కటే: సిగ్నల్ చివరిసారిగా ఎక్కడ మలుపు తిరిగి మన వైపు వచ్చిందో. ఆ మలుపు రాతిగోడ కావచ్చు, కొండ అంచు కావచ్చు. కొండ అంచు సంగతి కూడా తెలుసుకోవాలి. రేడియో తరంగం పదునైన గట్టు మీదుగా వచ్చేటప్పుడు కొంచెం కిందికి వంగుతుంది. మీ చూపు గట్టు అంచుని సరిగ్గా రాసుకుంటూ వెళ్లి నక్కని తాకే స్థితిలో ఉన్నా 6 డెసిబెల్స్ (సిగ్నల్ బలంలో తేడాని కొలిచే ప్రమాణం) పోతాయి. అంచు కన్నా ఎంత కిందికి దిగితే అంత ఎక్కువ పోతుంది. కాబట్టి గట్టులో ఎక్కడ పల్లం ఉంటే, అంటే ఎక్కడ కనుమ ఉంటే, సిగ్నల్ అక్కడి నుంచి ఎక్కువగా కారుతుంది. యాంటెన్నా కనుమని చూపిస్తే నక్క కనుమలోనే ఉందని కాదు, దాని అవతల ఎక్కడో ఉందని అర్థం చేసుకోండి.

మరి తిరిగొచ్చిన సిగ్నల్‌ని, సూటిగా వచ్చినదాన్ని వేరుచేసేదెలా? నిలబడ్డ చోటు నుంచి పక్కకి ఒక ముప్పై మీటర్లు నడిచి మళ్లీ చూడండి. దూరంగా ఉన్న నక్క నుంచి సూటిగా వచ్చే సిగ్నల్ అయితే బేరింగ్ దాదాపు కదలదు. దగ్గరి బండ మీంచి వచ్చేదైతే పక్కకి జరుగుతుంది, ఒక్కోసారి ఇంకో బండ మీదికి గెంతుతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. రెండు మీటర్ల బ్యాండ్‌లో, అంటే 145 మెగాహెర్ట్జ్ దగ్గర, తరంగం పొడవు సుమారు 2 మీటర్లు. సూటిగా వచ్చే సిగ్నల్, ఎదురుగా గోడకి తగిలి వచ్చేది కలిసినచోట దాదాపు ప్రతి మీటరుకీ ఒకసారి బలం లేస్తూ పడుతూ ఉంటుంది. ఒక్క అడుగు వేస్తే సిగ్నల్ మీటరు ముల్లు పడిపోయి, ఇంకో అడుగుకి లేస్తోందంటే అక్కడ కనీసం రెండు దారుల్లో సిగ్నల్ వస్తున్నట్టు. అలాంటి చోట తీసుకున్న బేరింగ్‌ని మ్యాప్ మీద గీయకండి. గీసిన గీతని మనసు వదలదు, అదే పెద్ద చిక్కు.

ఒకసారి మా బృందం లోతైన లోయలో బయల్దేరింది. పడమటి వైపు బూడిదరంగు రాతిగోడ నిట్టనిలువుగా ఉంది. అందరి యాంటెన్నాలూ దాన్నే చూపించాయి, సిగ్నల్ చెవులు చిల్లులు పడేంత బలంగా ఉంది. నాతో ఉన్నావిడ మీటరు మీద ముల్లు చూడటం మానేసి యాంటెన్నా వెనక్కి తిప్పింది. మంచి సిగ్నల్ అయితే యాగీ వీపు చూపించగానే చప్పున చచ్చిపోవాలి. ఇక్కడ సగమే తగ్గింది. "వెనక నుంచి కూడా ఏదో వస్తోంది" అంది. మిగతావాళ్లు గోడ వైపు సాగిపోతుంటే మేమిద్దరం తూర్పు వాలు ఎక్కాం. గట్టు మీదికి చేరి మళ్లీ చూస్తే రాతిగోడ వైపు దాదాపు ఏమీ లేదు. ఉత్తరాన, రెండు గట్లు దాటాక, ఒక సన్నని, కదలని బేరింగ్ వచ్చింది. ఆ గట్టు ఎక్కడానికి చాలాసేపు పట్టింది, అయినా నేను ఎవరికైనా ఇచ్చే మొదటి సలహా అదే: లోయలో నిలబడి యాంటెన్నాతో కుస్తీ పట్టేకన్నా, ఎత్తుకి వెళ్లి ఒక్క మంచి బేరింగ్ తీసుకోండి. చేతిలో ఏ యాంటెన్నా ఉందన్నది ఆ తర్వాతి సంగతి.

ప్రశ్న: సిగ్నల్ బలహీనంగా ఉంటే నక్క దూరంగా ఉన్నట్టేనా? – ఒక పాఠకుడు

జవాబు: మైదానంలో చాలావరకు అవును, కొండల్లో కాదు. ఎత్తు మీద ఉన్న ట్రాన్స్‌మిటర్ ఎంత దూరం వినబడుతుందో చూడండి. మీటర్లలో ఎత్తుకి వర్గమూలం కట్టి 4.12తో గుణిస్తే రేడియో క్షితిజం, అంటే సిగ్నల్ అందే హద్దు, ఎన్ని కిలోమీటర్లో సుమారుగా వస్తుంది. చుట్టుపక్కల నేల కన్నా 1000 మీటర్ల ఎత్తున్న శిఖరం మీద పెడితే దాదాపు 130 కిలోమీటర్లు. కాబట్టి ఎక్కడో దూరపు శిఖరం మీద ఉన్న నక్క స్పష్టంగా వినబడి, పక్క గుట్ట వెనక అర కిలోమీటరు దూరంలో ఉన్నది గుసగుసలాడొచ్చు.

బలం కన్నా బలంలో మార్పుని నమ్మండి. అడ్డం లేని చోట దూరం సగానికి తగ్గితే సిగ్నల్ 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అర కిలోమీటరు నడిచాక 6 పెరిగిందంటే ఇంకో అర కిలోమీటరు ఉందన్నమాట. అంత నడిచినా ఏమీ పెరగలేదంటే నక్క ఇంకా చాలా దూరం, లేదా మీరు గోడ వైపు నడుస్తున్నారు.

ప్రశ్న: సొంతంగా చేసుకోగల యాంటెన్నా ఏదైనా చెప్పండి. కొండ ఎక్కేటప్పుడు పొదల్లో ఇరుక్కోకూడదు. – ఇద్దరు స్నేహితులు

జవాబు: స్టీలు కొలత టేపుతో చేసే మూడు ఎలిమెంట్ల (అడ్డంగా బిగించే లోహపు ముక్కల) యాగీ. కొండలకి దీన్ని మించింది నేను చూడలేదు. పొదల్లోంచి దూరితే టేపు ముక్కలు వంగుతాయి, బయటికి రాగానే టప్పున నిటారుగా లేస్తాయి. నడుము పీవీసీ పైపు. కొలతలు ఇవీ: వెనకుండే రిఫ్లెక్టర్ 105 సెంటీమీటర్లు, మధ్యలో కేబుల్ కలిపే డ్రివెన్ ఎలిమెంట్ రెండు ముక్కలు, ఒక్కొక్కటి 45, ముందుండే డైరెక్టర్ 89. రిఫ్లెక్టర్‌కీ డ్రివెన్‌కీ మధ్య 20, డ్రివెన్‌కీ డైరెక్టర్‌కీ మధ్య 32 సెంటీమీటర్లు. డ్రివెన్ రెండు ముక్కల మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ వదిలి, హెయిర్‌పిన్‌లా వంచిన చిన్న తీగని ఆ ఖాళీకి అడ్డంగా రెండు ముక్కలకీ టంకం వేయాలి. కేబుల్ కూడా అక్కడే. టేపు మీది రంగుని ఉప్పుకాగితంతో బాగా గీకితే తప్ప టంకం అతకదు.

ఇది 146 మెగాహెర్ట్జ్ దగ్గర బాగా పనిచేస్తుంది. ఈ కొలతలు గెయిన్ కోసం, అంటే ముందువైపు సిగ్నల్ బలం పెరగడం కోసం, ఎంచినవి కావు. వీపు వైపు నుంచి వచ్చే సిగ్నల్ వీలైనంత తక్కువ వినబడేలా చూసినవి. వేటకి కావాల్సింది అదే, పైన చెప్పిన లోయలో మమ్మల్ని ఆదుకున్నదీ అదే.

టేపు చివరలు బ్లేడులా కోస్తాయి. మూలలు గుండ్రంగా కత్తిరించి ఎలక్ట్రికల్ టేపు చుట్టండి. పక్కవాళ్ల కళ్ల ఎత్తులో ఊగుతుంటాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వాడేటప్పుడు ఎక్కువ బలం వచ్చే దిక్కు కోసం వెతకొద్దు. మూడు ఎలిమెంట్ల యాగీ ముందువైపు చాలా వెడల్పుగా వింటుంది, అందులో గరిష్ఠం ఎక్కడో చెవికి అందదు. ఎడమకి తిప్పుతూ సిగ్నల్ కొంత పడిపోయిన చోటు చూసుకోండి, కుడికి తిప్పుతూ అంతే పడిపోయిన చోటు చూసుకోండి, రెండిటికీ మధ్య మీ బేరింగ్. మణికట్టు తిప్పి ఎలిమెంట్లు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పట్టుకుని చూడటం మరిచిపోవద్దు. దాచినవాళ్లు యాంటెన్నా ఎలా పెట్టారో మనకి తెలియదు కదా.

ప్రశ్న: నక్క దగ్గరికి వచ్చేసరికి మీటరు చివరికి వెళ్లి అక్కడే ఉండిపోతోంది, ఎటు తిప్పినా ఫుల్. ఆఖరి వంద మీటర్లలోనే గంట పోతోంది. చాలా టెన్షన్‌గా ఉంటోంది. – వేటలో కొత్తగా చేరిన గృహిణి

జవాబు: టెన్షన్ వద్దమ్మా, దీనికి మంచి మందులున్నాయి. చేతి రేడియోలో ఎఫ్‌ఎం రిసీవర్, దాని మీటరు చాలా తక్కువ బలానికే నిండిపోతాయి. కాబట్టి సిగ్నల్‌ని తగ్గించాలి.

ఖర్చు లేని పద్ధతులు ముందు. నక్క ఫ్రీక్వెన్సీ నుంచి 5 కిలోహెర్ట్జ్ పక్కకి ట్యూన్ చేయండి, ఇంకా ఫుల్ వస్తే 10. పక్కన నిలబడి తలుపు సందులోంచి విన్నట్టు ఉంటుంది, తేడా మళ్లీ తెలుస్తుంది. ఇంకొకటి మూడో హార్మోనిక్. నక్క 145.2 మెగాహెర్ట్జ్‌లో ఉంటే 435.6లో వినండి. ఏ ట్రాన్స్‌మిటరైనా తన ఫ్రీక్వెన్సీకి మూడింతల దగ్గర కొద్దిగా కారుస్తుంది, అది దగ్గర్లోనే వినబడుతుంది. 435.6లో వినబడటం మొదలైందంటే దగ్గరికి వచ్చేసినట్టే, ఆ తర్వాత చుట్టూ చూస్తూ నడవండి.

అసలు మందు ఆఫ్‌సెట్ అటెన్యుయేటర్. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలామంది మామూలు అటెన్యుయేటర్ కొని, అది ఎందుకు చాలడం లేదో తెలియక విసిగిపోతారు. యాంటెన్నాకీ రేడియోకీ మధ్య సిగ్నల్‌ని తగ్గించే పెట్టె పెట్టారనుకోండి. నక్క బాగా దగ్గరగా ఉంటే సిగ్నల్ ఆ పెట్టెని పట్టించుకోదు, రేడియో ప్లాస్టిక్ తొడుగులోంచి నేరుగా లోపలికి దూరుతుంది. మీరు నాబ్ ఎంత తిప్పినా మీటరు కదలదు.

ఆఫ్‌సెట్ పెట్టెలో 4 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఓసిలేటర్ (4 మెగాహెర్ట్జ్ సిగ్నల్ పుట్టించేది), ఒక డయోడ్, నాబ్‌తో తిప్పే ఒక పొటెన్షియోమీటర్, చిన్న బ్యాటరీ ఉంటాయి. యాంటెన్నా నుంచి వచ్చిన 145.2ని అది 4తో కలుపుతుంది. దాంతో 149.2లో ఒక కొత్త సిగ్నల్ పుడుతుంది. మీ రేడియోని 149.2కి ట్యూన్ చేస్తారు, చాలా చేతి రేడియోలు అక్కడ వింటాయి. ఇప్పుడు తొడుగులోంచి దూరేది 145.2 కాబట్టి రేడియో దాన్ని పట్టించుకోదు. పెట్టె గుండా వచ్చిందే వినబడుతుంది. పొటెన్షియోమీటర్‌తో ఓసిలేటర్ బలం తగ్గిస్తే 149.2 కూడా అంతకంతకీ తగ్గుతుంది. ఇలా నక్క పక్కనే నిలబడి కూడా దిక్కు తెలుసుకోవచ్చు.

నాబ్‌ని వాడే తీరు ఒకటి అలవాటు చేసుకోండి. మీటరు ఎప్పుడూ సగం దగ్గర ఉండేలా, నడిచేకొద్దీ తిప్పుతూ ఉండాలి. నాబ్ ఎంత తిరిగిందో అదే మీకు దూరం చెబుతుంది. పొటెన్షియోమీటర్ చుట్టూ తెల్లటి కాగితం అంటించి, తెలిసిన దూరాల్లో పెట్టిన మీ సొంత నక్కతో గీతలు గీసుకుంటే ఇంకా మంచిది.

కొండల్లో ఆఖరి వంద మీటర్లు మరో కారణంతో కూడా ఇబ్బంది పెడతాయి: నక్క పైన ఉందో కింద ఉందో తెలియదు. యాంటెన్నాని ఆకాశం వైపూ లోయ వైపూ కూడా ఊపి చూడండి. నిట్టవాలు మీద నిలబడి చుట్టూ మాత్రమే వెతుకుతూ, కాళ్ల కింద పది మీటర్ల లోతులో అరుగు మీద ఉన్న పెట్టెని దాటిపోయేవాళ్లని చాలామందిని చూశాను.

ప్రశ్న: అంతర్జాతీయ పోటీల్లో రెండు మీటర్లతో పాటు ఎనభై మీటర్ల బ్యాండ్ కూడా వాడతారని విన్నాను. కొండలకి ఏది మేలు? – ఒక కాలేజీ అధ్యాపకుడు

జవాబు: మీరు విన్నది ఏఆర్‌డీఎఫ్ (అమెచ్యూర్ రేడియో డైరెక్షన్ ఫైండింగ్) పోటీల గురించి. చేతిలో రిసీవర్, మ్యాప్, దిక్సూచి పట్టుకుని అడవిలో పరుగెత్తే ఆట. మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1980లో పోలండ్‌లో జరిగింది. క్లాసిక్ పోటీలో ఐదు నక్కలు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటాయి. ఒక్కొక్కటి ఒక నిమిషం పలికి నాలుగు నిమిషాలు మౌనంగా ఉంటుంది. మోర్స్‌లో ఎం, ఓ పంపి చివర మొదటి నక్క ఒక చుక్క, రెండోది రెండు చుక్కలు, అలా ఐదోది ఐదు చుక్కలు పంపుతాయి. మోర్స్ రాకపోయినా చుక్కలు లెక్కపెట్టుకుంటే చాలు. మొదలుపెట్టే చోటుకి 750 మీటర్ల లోపల నక్క ఉండకూడదు, నక్కకీ నక్కకీ మధ్య కనీసం 400 మీటర్లు ఉండాలి. ఆ వృత్తాలు మ్యాప్ మీద గీసుకుంటే ఎక్కడ ఉండవో తెలిసిపోతుంది, సగం పని అయినట్టే.

ఎనభై మీటర్ల బ్యాండ్, అంటే 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర, తరంగం పొడవు సుమారు 85 మీటర్లు. బండలు, చెట్లు దానికి ఆనవు. అందుకే రాళ్లూ రప్పలూ ఉన్న చోట ఎనభై మీటర్ల బేరింగ్ చాలా నికార్సుగా ఉంటుంది. అక్కడ యాంటెన్నాగా తీగ చుట్టగానీ, తీగ చుట్టిన ఫెర్రైట్ కడ్డీగానీ వాడతారు. దానికి రెండు వైపులా సిగ్నల్ మాయమయ్యే దిక్కులుంటాయి, అవి ఎంత సన్నగా ఉంటాయంటే కొద్ది డిగ్రీలు తిప్పగానే తేడా తెలుస్తుంది. ముందా వెనకా అన్నది తేల్చడానికి పక్కన చిన్న కడ్డీ యాంటెన్నా ఉంటుంది, బటన్ నొక్కితే అది కలుస్తుంది. ముందు బటన్ నొక్కి వైపు తెలుసుకోవాలి, తర్వాత బటన్ వదిలి సిగ్నల్ మాయమయ్యే దిక్కుతో ఖచ్చితంగా కొలవాలి.

దీనికీ శత్రువులున్నారు. పొడవైన ఇనుప కంచె, కరెంటు తీగలు సిగ్నల్‌ని పీల్చి మళ్లీ తామే వెదజల్లుతాయి. వాటి పక్కన నిలబడి బేరింగ్ తీస్తే అది తీగ దిక్కునే చూపిస్తుంది. నిట్టవాలు దగ్గర కూడా కొంత వంకర వస్తుంది.

నా ఓటు కొండల్లో కొత్తవాళ్లకి ఎనభై మీటర్లకే. రెండు మీటర్లు ఎక్కువ నేర్పుతుంది, కాకపోతే ముందు కొన్ని నక్కలు దొరకాలి కదా, ఉత్సాహం నిలవాలి. పోటీలో ఆ నాలుగు నిమిషాల మౌనం మాత్రం వృథా చేయొద్దు. మీ నక్క పలికే నిమిషానికి ముందే గట్టు మీదికో, కనీసం లోయ మలుపు దాటి తెరిపి చోటికో చేరుకుని ఉండండి. గుంటలో ఉండగా నక్క పలికిందంటే ఇంకో నాలుగు నిమిషాలు ఆగాలి.

ప్రశ్న: మ్యాప్ మీద మూడు బేరింగులు గీస్తే ఒక్కచోట కలవడం లేదు, పెద్ద త్రిభుజం వస్తోంది. దిక్సూచి మార్చాలా? – విశ్రాంత సర్వేయరు

జవాబు: మీకు చెప్పేంతదాన్ని కాదు గానీ, మిగతా పాఠకుల కోసం రాస్తున్నాను. దిక్సూచి ఉత్తరానికీ మ్యాప్ ఉత్తరానికీ తేడా ఉంటుంది, అది చోటుని బట్టి మారుతుంది. ఆ లెక్క సరిచేయకపోతే మూడు గీతలూ ఒకే వైపు తప్పుతాయి. కొన్ని కొండల్లో అయస్కాంత రాయి ఉంటుంది, అక్కడ రెండు అడుగుల తేడాలో ముల్లు పక్కకి లాగేస్తుంది. చేతి రేడియో స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది, స్టీలు టేపు యాంటెన్నా సరేసరి. దిక్సూచి చూసేటప్పుడు రెండిటినీ చేతికందనంత దూరంగా నేల మీద పెట్టండి. యాంటెన్నా చూపించిన దిక్కులో దూరంగా ఉన్న ఒక శిఖరాన్నో ఒంటరి చెట్టునో గుర్తు పెట్టుకుని, తర్వాత ఖాళీ చేతులతో దాన్ని దిక్సూచితో కొలవండి.

ఎంత జాగ్రత్తగా చేసినా చేతిలోని యాగీకి ఐదు డిగ్రీల తేడా మామూలే. 10 కిలోమీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ తప్పితే 175 మీటర్లు, ఐదు తప్పితే దాదాపు 875. కొండల్లో అంటే పక్క లోయలోకి దిగినట్టే. అందుకే త్రిభుజం చిన్నదవ్వాలని తంటాలు పడేకన్నా, రెండు గీతలు ఒకదానికొకటి అడ్డంగా, లంబానికి దగ్గరగా కలిసే చోట్ల నుంచి బేరింగులు తీయండి. దాదాపు ఒకే వైపు పరుగెత్తే రెండు గీతలు కలిసే చోటు కొన్ని కిలోమీటర్ల పొడవున సాగిపోతుంది.

ఆ తర్వాత గీతలు పక్కన పెట్టి కాంటూర్లు, అంటే మ్యాప్ మీద ఎత్తుని చూపే గీతలు, చూడండి. దాచినవాళ్లు కూడా బ్యాటరీ, పెట్టె మోసుకుని ఎక్కినవాళ్లే. త్రిభుజంలో కాలిబాట ఏది తాకుతోంది, బండి ఎక్కడిదాకా పోతుంది, వేటగాళ్లు బయల్దేరే చోటుకి కూడా సిగ్నల్ వినబడాలంటే ఏ వాలు మీద పెట్టాలి? ఈ మూడూ కలిపి చూస్తే సాధారణంగా ఒకటి రెండు చోట్లే మిగులుతాయి.

ప్రశ్న: మా అబ్బాయి ప్రతి సెలవు రోజూ యాంటెన్నా పట్టుకుని కొండలెక్కుతున్నాడు. నాకు భయంగా ఉంది. ఆపమనాలా? – ఒక తల్లి

జవాబు: ఆపొద్దమ్మా, కానీ నాలుగు షరతులు పెట్టండి. ఒంటరిగా వెళ్లకూడదు. నక్క దొరికినా దొరక్కపోయినా ఇన్ని గంటలకి వెనక్కి తిరగాలని బయల్దేరే ముందే అనుకోవాలి, ఆ టైము ఇంట్లో చెప్పాలి. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోవాలి, రెండో చెవి రాళ్లు జారే చప్పుడికీ తోటివాడి కేకకీ వదిలేయాలి. మ్యాప్ మీద గీత సూటిగా ఉందని సూటిగా నడవకూడదు, బాట ఉన్నచోట బాట వెంటే వెళ్లాలి.

పిడుగుల సంగతి విడిగా చెప్పండి. గట్టు మీద లోహపు యాంటెన్నా పట్టుకుని నిలబడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినబడితే అది సుమారు 10 కిలోమీటర్ల లోపే ఉంది. వెంటనే గట్టు దిగిపోవాలి, వేట ఆపేయాలి. ఆఖరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు.

ప్రశ్న: ఈసారి నక్కని దాచే వంతు నాది. ఎవరికీ దొరకని చోటు ఒకటి చెప్పండి! – ఉత్సాహవంతుడు

జవాబు: దొరకని చోటు చెప్పను. దొరకడం కోసమే దాచాలి. మంచి దాపరికం అంటే వెతికేవాళ్లు ఆలోచించి గెలిచేది. తాడు కట్టుకుని దిగాల్సిన చోట పెట్టి గొప్పలు చెప్పుకోవడం నాకు అస్సలు నచ్చదు, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆట అక్కడితో సరి.

కొండలున్నాక తెలివి చూపించడానికి దార్లు బోలెడు. చిన్న డైరెక్షనల్ యాంటెన్నా పెట్టి ఎదుటి రాతిగోడకి గురిపెట్టండి, బయల్దేరే చోట అందరికీ గోడే వినబడుతుంది. కనుమకి ఒక పక్కగా పెట్టండి, కనుమ దాటినవాళ్లు వెనక్కి తిరిగి చూడాల్సి వస్తుంది. యాంటెన్నా మాత్రం బండకి ఆనించి పెట్టకండి, దాని ట్యూనింగ్ చెడి ట్రాన్స్‌మిటర్ వేడెక్కుతుంది. అర నిమిషం పలికి ఒకటి రెండు నిమిషాలు ఆగేలా పెడితే బ్యాటరీ నిలుస్తుంది. చలికి బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది, కాబట్టి గుడ్డలో చుట్టి, లెక్కకన్నా పెద్దది పెట్టండి.

దాచడానికి హ్యామ్ లైసెన్స్ ఉండాలి, మీ కాల్‌సైన్ (లైసెన్స్‌తో ఇచ్చే గుర్తింపు పేరు) ప్రసారంలో వినబడాలి. స్థలం యజమానినో అటవీ అధికారులనో ముందుగా అడగాలి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఇది ప్రమాదం లేని రేడియో పరికరమని, కాల్‌సైన్, ఫోన్ నంబరు రాయాలి. తీగలు బయటికొచ్చిన అనుమానాస్పద పెట్టె దారిన పోయేవాళ్ల కంట పడితే ఏమవుతుందో ఊహించుకోండి. పెట్టిన చోటు కోఆర్డినేట్లు ఇంకొకరి దగ్గర ఉండాలి, మీరు అందుబాటులో లేకపోయినా వాళ్లు తీసుకురాగలగాలి.

ప్రశ్న: ఈ విద్య ప్రాణాలు కాపాడటానికి పనికొస్తుందా, లేక సరదాయేనా? – ఒక ట్రెక్కర్

జవాబు: తప్పకుండా పనికొస్తుంది. కూలిన విమానాల నుంచి, తప్పిపోయినవాళ్ల నుంచి అత్యవసర బీకన్లు సిగ్నల్ పంపుతాయి. ఒకప్పుడు ఉపగ్రహాలు 121.5 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని కూడా వినేవి. 2009 ఫిబ్రవరి 1 నుంచి, ఉపగ్రహాలతో బీకన్లని వినే అంతర్జాతీయ కోస్పాస్-సార్సాట్ వ్యవస్థ దాన్ని వినడం ఆపేసి 406 మెగాహెర్ట్జ్ బీకన్లనే పట్టించుకుంటోంది. ఈ 406 బీకన్ దాదాపు 50 సెకన్లకోసారి అర సెకను పాటు పలుకుతుంది, అందులో అది ఎవరిదో తెలిపే గుర్తింపు ఉంటుంది. బీకన్‌లో జీపీఎస్ లేకపోతే ఉపగ్రహం చెప్పే చోటు కిలోమీటర్ల తేడాతో ఉండొచ్చు. అక్కడి నుంచి మనిషి దగ్గరికి చేర్చేది అదే బీకన్ 121.5లో పంపే బలహీనమైన సిగ్నల్. దాన్ని వెంటాడటానికి కావాల్సింది అచ్చంగా మన విద్యే: గోడకి తగిలి వచ్చినదాన్ని గుర్తుపట్టడం, గట్టు ఎక్కడం, సిగ్నల్ తగ్గించుకుంటూ దగ్గరికి చేరడం. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, 121.5లో టెస్ట్ కోసం కూడా ఎప్పుడూ ప్రసారం చేయకండి. అక్కడ ఏదైనా వినబడితే ముందు రక్షణ బృందాలకి చెప్పండి, ఆ తర్వాత వాళ్లు చెప్పినట్టు చేయండి.

మంచు చరియ కింద కూరుకుపోతే వెతికి పట్టుకోవడానికి మంచు కొండల్లో నడిచేవాళ్లు ఒంటికి కట్టుకునే అవలాంచ్ ట్రాన్సీవర్ 457 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. అక్కడ మాత్రం మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. అంత దగ్గర్లో సిగ్నల్ సూటి గీతలో సాగదు, అయస్కాంత క్షేత్రం వంపు వెంట సాగుతుంది. బాణం గుర్తు పక్కకి వంగుతున్నా దాన్నే అనుసరించాలి. బాగా దగ్గరికి వచ్చాక పరికరాన్ని మంచుకి ఆనించి, ఒకసారి ముందుకూ వెనక్కీ, ఒకసారి పక్కలకీ కదిపి అతి తక్కువ దూరం చూపించే చోటు పట్టుకోవాలి. అక్కడ పొడవైన కడ్డీతో గుచ్చి చూస్తారు. నిమిషాల మీద నడిచే పని ఇది, ముందే మళ్లీ మళ్లీ సాధన చేసి ఉండాలి.

ప్రశ్న: నా దగ్గర ఒక మామూలు చేతి రేడియో తప్ప ఏమీ లేదు. వేటకి రావచ్చా? – పదో తరగతి అమ్మాయి

జవాబు: రావచ్చు తల్లీ. పెద్దవాళ్లెవరినైనా తోడు తెచ్చుకో. రేడియోని ఛాతీకి ఆనించి పట్టుకుని, నిలబడ్డ చోటే మెల్లగా చుట్టూ తిరుగు. ఒక దిక్కుకి తిరిగినప్పుడు సిగ్నల్ బాగా తగ్గుతుంది. అప్పుడు నీ ఒళ్లు నక్కకీ రేడియోకీ మధ్య అడ్డం వచ్చిందన్నమాట, నక్క నీ వీపు వెనక ఉంది. మరీ బలంగా ఉంటే యాంటెన్నా విప్పేసి అలాగే తిరుగు. బండల మధ్య ఇది సరిగ్గా పనిచేయదు, తెరిపిగా ఉన్న చోట చెయ్యి. ఒకే చోట రెండుసార్లు తిరిగి చూడు, రెండుసార్లూ ఒకే దిక్కు వస్తే దాని వెంట నడువు.